పదిహేను సెకన్ల బాణసంచా

2012 జూలై 4, బుధవారం రాత్రి. అమెరికా పడమటి తీరంలో శాన్ డియేగో నగరం. ఆ దేశానికి స్వాతంత్ర్య దినం. అఖాతం చుట్టూ లక్షల మంది చేరారు. మధ్యాహ్నమే వచ్చి చోటు పట్టుకున్నవాళ్లు, గడ్డి మీద దుప్పటి పరిచినవాళ్లు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్లు. అందరి చూపూ నీళ్ల మీద నిలిపిన బార్జీల వైపే. రాత్రి తొమ్మిదికి ‘బిగ్ బే బూమ్’ బాణసంచా ప్రదర్శన మొదలవ్వాలి. సంగీతం నడకకు తగ్గట్టు పదిహేడు, పద్దెనిమిది నిమిషాల పాటు సాగాలి.

తొమ్మిది ఇంకా కానేలేదు. ఉన్నట్టుండి బార్జీలన్నీ ఒక్కసారే భగ్గుమన్నాయి. ఆకాశంలోకి లేవాల్సిన గుండ్లు ఒకదాని మీద ఒకటి పేలి, నీళ్ల మీద నిప్పుల గోడ లేచింది. చెవులు దిమ్మెక్కే చప్పుడు. సుమారు ఏడు వేల బాణసంచా గుండ్లు పదిహేను సెకన్లలో కాలిపోయాయి. ఆ తర్వాత పొగ.

జనం కదల్లేదు. అసలు ప్రదర్శన ఇంకా ఉందనుకున్నారు. ఇక లేదని తెలిశాక కొందరు నవ్వారు, చాలామంది మండిపడ్డారు. ఇంతసేపు కూర్చోబెట్టి చూపించింది ఇదా అని నిలదీశారు.

ఇలాంటి ప్రదర్శనలో అగ్గిపుల్ల గీసి అంటించేవాళ్లు ఉండరు. ఒక్కో గుండును ఒక్కో గొట్టంలో దింపి, దానికి సన్నటి విద్యుత్ తీగ కలుపుతారు. ఏ తీగకు ఏ క్షణంలో నిప్పురవ్వ అందాలో కంప్యూటర్ ఫైల్లో రాసి ఉంటుంది. అది చెడిపోతే ఆదుకోవడానికి రెండో ఫైలు ఉంటుంది. ఆ రాత్రి అసలు ఫైలూ, ఈ రెండో ఫైలూ కలిసిపోయి కొత్త ఆదేశం పుట్టింది. అన్ని గొట్టాలకూ ఒకేసారి నిప్పు అందింది.

బాణసంచా కాల్చిన సంస్థ గార్డెన్ స్టేట్ ఫైర్‌వర్క్స్, న్యూజెర్సీలో 1890 నుంచీ ఇదే పనిలో ఉన్న కుటుంబం వాళ్లది. యజమానుల్లో ఒకరైన ఆగస్ట్ సాంటోర్ ముఖం చాటేయలేదు. తప్పు తమదేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఎక్కడ పొరపాటు జరిగిందో వెతికి, కారణాన్ని అందరికీ చెప్పారు. మరుసటి ఏడు ప్రదర్శనను ఉచితంగా చేసిపెట్టారు.

అంత నిప్పు ఒక్కసారిగా లేచినా ఎవరికీ గాయం కాలేదు. నా దృష్టిలో ఆ రాత్రి జరిగిన అసలు మేలు ఇదే. జనం ఒడ్డున ఉన్నారు, మందుగుండు నీళ్ల మీద ఉంది. ఆ దూరమే కాపాడింది.

ఇక మన సంగతి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అమ్మవారి పండగొస్తే ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేస్తారు. మందుగుండు తుస్సుమంటే ఆ రాత్రే గొడవ మొదలవుతుంది. “ఇన్నేసి డబ్బులు ఎత్తారు, ఇదేటి, పక్కూరోళ్లు గంటసేపు కాల్చారు కదేటి!” అంటారు. అడిగే హక్కు చందా ఇచ్చిన ప్రతి మనిషికీ ఉంది. కానీ మన కమిటీలు తరచు చెప్పే జవాబు ఒకటే: వచ్చే ఏడు రెండింతలు కాల్పిస్తాం. ఆ జవాబు నాకు భయం కలిగిస్తుంది. కేరళలో కొల్లం దగ్గర పుట్టింగల్ ఆలయంలో 2016 ఏప్రిల్ 10న వందమందికి పైగా చనిపోయింది బాణసంచా పోటీలోనే. అంత దూరం ఎందుకు, 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. పొట్టకూటికి మందు కూరడానికి వెళ్లినవాళ్లు వాళ్లు. మన ఆకాశంలో వెలుగు కావాలంటే ఎవరో ఒకరు అలాంటి షెడ్డులో కూర్చోవాలి.

అందుకని, చందా రసీదు తీసుకునేటప్పుడే అడగండి: సరుకు లైసెన్సు ఉన్నచోట కొంటున్నారా? కాల్చేవాడికి పని తెలుసా? జనాన్ని ఎంత దూరంలో నిలబెడతారు? పండగయ్యాక ఖర్చు లెక్క రామమందిరం గోడకు అంటించమనండి. ప్రదర్శన చెడిపోతే ఎందుకు చెడిందో కూడా అక్కడే రాయించండి. పక్క ఊరి కంటే ఎక్కువసేపు కాల్చమని మాత్రం దయచేసి అడగొద్దు.