గ్రామపటములు - వాని సంధులు



భూమి పెద్దది, కాగితము చిన్నది. ఈ చిక్కును తీర్చుటకు వెనుకటివా రేయే ఉపాయములు పన్నిరో, అవి మన పొలముగట్ల కెట్లు సంబంధించునో నేడు కొంచెము విన్నవించెదను.

పూర్వము మన సీమలో లెక్కలు వ్రాయుటకు కడితములు వాడెడివారు. గుడ్డకు బొగ్గుపొడియు చింతగింజల జిగురును పట్టించి, మడతలు పెట్టి, బలపముతో వ్రాసెడివారు. లెక్క పెరిగినకొలది మడతలు పెరిగెడివి. ఎల్లలు సైతము మాటలలోనే యుండెడివి: తూర్పున వంక, పడమట గుట్ట.

1800లో నైజాము కడప, బళ్లారి ప్రాంతములను కుంపిణీవారికి దత్తము చేసెను. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబుల యేలుబడిలో నుండెను. దత్తమండలములలో మన్రో దొర 33 అడుగుల గొలుసుతో పొలములు కొలిపించెను. ఆ గొలుసు చదరములు 40 కూడిన ఎకరమగును.

1858లో మద్రాసు రాజధానిలో సర్వే శాఖ యేర్పడిన పిమ్మట గ్రామపటములు క్రమముగా వెలువడెను. వాని కొలత మైలుకు 16 అంగుళములు. అనగా పటముమీది యొక చదరపు అంగుళము రెండున్నర ఎకరముల నేల. ఇపుడు లెక్క వేయుడు. మన మెట్టసీమలో గ్రామములు విశాలములు. నాలుగు మైళ్ల పొడవు, మూడు మైళ్ల వెడల్పు గల గ్రామమునకు 64 అంగుళముల పొడవు, 48 అంగుళముల వెడల్పు గల కాగితము కావలెను. ఏనుగు పేరు పెట్టిన 'డబులు ఎలిఫెంటు' అను పెద్ద కాగితమే సుమారు 40 అంగుళములు, 27 అంగుళములు. కావున అట్టి గ్రామము నాలుగు ఠావులు పట్టును. అచ్చొత్తు రాయియు మన కడప బండవలె సున్నపురాతి జాతిదే. దానిని ఇష్టము వచ్చినంత పెద్దది చేసినచో ఎత్తువా రెవరు?

దేశపటములకును ఇదే గతి. కర్నూలు పట్టణము 57ఐ/1 అను ఠావులో నున్నది. రెండు మూడు మైళ్లు పడమరకు నడచినచో 57ఇ/13 లోనికి పోవుదుము. నేలమీద గీతయు లేదు, గట్టును లేదు.

వ్యాకరణమున రెండు పదములు కలియుచోట సంధి యగును. అచట ఏ వర్ణము నిలుచునో, ఏది లోపించునో తెలియనివాడు అర్థమును చెఱచును. పటమునకును అంతియే. ఒక గ్రామమున చెరువుకట్ట రెండు ఠావుల నడుమ పడినది. ఒక్క ఠావు చూచినవారు కట్ట అచటనే ముగిసినదనియు, ఆవలి నేల తమదనియు వాదించుట నేనెఱుగుదును. రెండవ ఠావు తెచ్చి పక్కన పెట్టగానే కట్ట సాగినది, వాదము నిలిచినది.

కావున ఠావులను కూర్చునపుడు మూడు సంగతులు గమనింపుడు. మొదటిది, అంచున వ్రాసిన పొరుగు ఠావు సంఖ్య చూచి వరుస తప్పక పేర్చుడు. రెండవది, ఒక ఠావు అంచును గీతవరకు కత్తిరించి, రెండవదాని అంచుపై పెట్టి, దారి దారితో, వంక వంకతో కలిసినదో లేదో చూడుడు, రెండంచులను కత్తిరింపరాదు. మూడవది, కాగితము తేమకు సాగును, ఎండకు ముడుచుకొనును. తడి జిగురు దానిని మఱింత సాగదీయును. కావున ఏ ఠావును ఆ ఠావుమీది కొలబద్దతోనే కొలువుడు.

1984లో కరణముల పదవి రద్దయినది. 2020లో మన రాష్ట్రమున భూముల పునఃకొలత ఆరంభమై, ఆకాశమునుండి డ్రోనులు చిత్రములు తీసెను. ఇపుడు పెద్ద పటమును కంప్యూటరునుండి చిన్న కాగితములపై ముద్రించి అతికించుకొనుటయు సులభమే. కాని యంత్రము పటమును కాగితమున కిముడునట్లు తనంతట కుదించవచ్చును. అపుడు కొలత తప్పును. ముద్రించినవెంటనే కొలబద్దను స్కేలుతో సరిచూడుడు.

గ్రామమున తగవు వచ్చినపుడు తీర్పు చెప్పవలసినవారు మీరే. అన్ని ఠావులును ఎదుట పఱచినదాక నోరు విప్పకుడు. ఒక్క తునుక చూచి చెప్పిన తీర్పువలన ఒక కుటుంబము సెంటు భూమి పోగొట్టుకొనినను, ఆ పాపము కాగితమునకు తగులదు.