పిల్లల ఒంటిమీద పెద్దల భయం

పసిపిల్లల బట్టల మీద మా ఇళ్ళల్లో ఉన్న పట్టుదల చదువుల మీద లేదని మమ్మల్ని ఎద్దేవా చేసేవాళ్ళున్నారు. పట్టుదల ఉన్న మాట నిజమే. అదెక్కడ్నించి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. మసీదు మెట్ల దగ్గర 'బేటా, టోపీ పెట్టుకో' అన్న నోరే, బస్సెక్కే ముందు 'తీసి జేబులో పెట్టుకో' అంటుంది. ఈ రెండు మాటల మధ్యే మా చరిత్ర ఉంది.

బల్కంపేటనే చూడండి. నేలకి దిగువన బావిలో వెలసిన ఎల్లమ్మ ఒకపక్క, పేరులోనే అమీర్‌ని మోస్తున్న అమీర్‌పేట ఇంకోపక్క. ఆషాఢంలో అమ్మవారి కల్యాణానికి వాళ్ళు పిల్లలకి కొత్తబట్టలు తొడుగుతారు. రంజాన్‌కి మేము తొడుగుతాం. తెలంగాణలో పీర్ల పండక్కి హిందూ తల్లులు కూడా మొక్కుకుని బిడ్డలకి ఆకుపచ్చ బట్టలు వేసి ఫకీర్లను చేసేవాళ్ళు. బిడ్డ బతకాలన్నదొక్కటే ఆ రంగుకి అర్థం. ఆ పచ్చదనం అప్పుడు ఎవర్నీ భయపెట్టలేదు.

నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి మాలో బిస్మిల్లా చేస్తారు. అబ్బాయికి చిన్న షేర్వాణీ, అమ్మాయికి ఖడా దుపట్టా. అయితే అదంతా దేవిడీల ముచ్చట. దూదేకుల ఇంట్లో, రిక్షా తొక్కేవాడి ఇంట్లో చిరగని చొక్కా దొరికితే అదే షేర్వాణీ. నవాబుల పెట్టెల్లోంచి తీసిన బట్టల్నే 'ముస్లిం సంస్కృతి' అని చూపిస్తే, మాలో చాలామంది ఒంటిమీద ఆ సంస్కృతి ఎన్నడూ లేదు.

షరీఫ్ ఇంటి గుర్తని పిల్లల నెత్తిన పెట్టిన రూమీ టోపీ మక్కా నుంచి రాలేదు. 1829లో తుర్కీ సుల్తాన్ రెండో మహమూద్ తన ఉద్యోగులకి ఆజ్ఞ వేసి పెట్టించిన టోపీ అది. 1925లో అదే తుర్కీ చట్టం చేసి దాన్ని నిషేధించింది. ఇక్కడ మాత్రం అది ఇంకా ఇజ్జత్‌గానే మిగిలింది. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో షేర్వాణీయే విద్యార్థి వేషం. ధోవతి కట్టే ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకి అది రాజ్యం తొడిగిన బట్టగా తోచి ఉంటే ఆశ్చర్యమేముంది?

1948 సెప్టెంబర్‌లో రాజ్యం మారింది. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. నిన్నటి ఇజ్జత్ ఇవాళ ప్రాణం మీదికొచ్చింది. షేర్వాణీ పెట్టె అడుక్కి పోయింది. బిడ్డ పజామా విప్పి నిక్కరు తొడిగిన తల్లి ఫ్యాషన్ కోసం తొడగలేదు. వీడు ఎవరి పిల్లాడో వీధికి తెలియకూడదనుకుంది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలాక ఆ భయం రెండు దారులు పట్టింది. కొన్ని ఇళ్ళు గుర్తుల్ని దాచాయి. కొన్ని ఇళ్ళు గుర్తుల్ని పెంచాయి.

మాలోపల వాదన లేదనుకోకండి. 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టిన సుగ్రా హుమాయూన్ మీర్జా, హైదరాబాద్‌లో పర్దా వదిలి బయటికొచ్చిన తొలితరం మనిషి. మా మౌల్వీసాబులకీ తెలుసు: బాలిగ్ అయ్యేదాకా బిడ్డ మీద ఏదీ ఫర్జ్ కాదు. ఏడేళ్ళకి నమాజ్ నేర్పమన్నారు, అంతే. మరి అయిదేళ్ళ పిల్ల నెత్తిమీంచి ఓఢ్నీ జారిందని లేచే చెయ్యి ఎవరిది? అది దీన్ చెయ్యి కాదు, భయం చెయ్యి. ఆ పిల్లకి పరిగెత్తితే కాళ్ళకి అడ్డం పడని బట్ట కావాలి. ఈ మాట మా అబ్బాలతో, అమ్మీలతో మేమే అనాలి.

కానీ రాజ్యం అనకూడదు. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు తరగతిగదిలో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడు అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక తీర్పు చెప్పారు. ఆ మధ్యలో గేటు బయట నిలబడింది ఆడపిల్లలు. ఒకప్పుడు షేర్వాణీ తొడిగించిన రాజ్యం, ఇప్పుడు గుడ్డ విప్పిస్తున్న రాజ్యం, రెండూ పిల్లల ఒంటిమీదే తమ జెండా పాతాయి.

సెక్యులర్ దోస్తులారా, మా తల్లిదండ్రుల పట్టుదలని వెనకబాటుతనం అనేముందు ఒక్కసారి ఆలోచించండి. టోపీ పెట్టుకున్న పిల్లాడూ, పెట్టుకోని పిల్లాడూ ఒకే ధీమాతో బల్కంపేట నుంచి పంజగుట్ట దాకా నడిచి రావాలి. ఆ వీధి కోసం మాతోపాటు నిలబడండి. ఇంటిలోపలి కొట్లాట మేం కొట్లాడుకుంటాం.