వాల్వు వెలుగులో గిటారు



మీ ఇంట్లో ఒకప్పుడు వాల్వు రేడియో ఉండేదా? ఉంటే మీకు గుర్తుండే ఉంటుంది, అది స్విచ్చి వేయగానే పలికేది కాదు. వెనక అట్టకున్న చిల్లుల్లోంచి ఎర్రటి వెలుగు కనబడి, అర నిమిషం గడిచాక మెల్లగా గొంతు విప్పేది. ఈమధ్య చెన్నైలో ఒక మిత్రుని ఇంట అదే వెలుగు మళ్లీ చూశాను. పాతది తెచ్చి ఆయన బాగుచేయించుకున్న ఇంగ్లీషు గిటారు ఆంప్లిఫయరు అది. పేరు వాక్స్ ఏ.సి. 30.

ఎలక్ట్రిక్ గిటారు తనంత తానుగా పెద్దగా మోగదు. తీగెల కింద అయస్కాంతం మీద చుట్టిన రాగితీగె వాటి కదలికను సన్నని విద్యుత్తుగా మారుస్తుంది. దాన్ని పెంచి స్పీకరును పలికించే పని ఆంప్లిఫయరుది. ఇంగ్లండులో డార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో, టామ్ జెన్నింగ్స్ కంపెనీలో పనిచేసిన డిక్ డెన్నీ 1950ల చివర దీన్ని రూపొందించాడు. 1962 నుంచి బీటిల్స్ వాడడంతో లోకానికి తెలిసింది.

అందులో శబ్దాన్ని చివరగా పెంచే నాలుగు వాల్వులు ఈ.ఎల్. 84 రకం. ఆ రకం ఇళ్లలోని రేడియోల్లోనూ ఉండేది. మన బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు కూడా తయారు చేశారు. బీటిల్స్ గిటారుకూ, నగరిలో మగ్గం పక్కన పాడిన రేడియోకూ గొంతు ఒకటే అయి ఉండవచ్చునన్నమాట!

వాల్వును శక్తికి మించి తోస్తే ధ్వని కాస్త గరగరలాడుతుంది. రేడియో ఇంజనీరు దాన్ని దోషమన్నాడు. గిటారు వాద్యగాళ్లు మాత్రం ఆ గరగరనే కోరి తెచ్చుకున్నారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక కూడా ఈ బరువైన పెట్టెల్ని వదలకపోవడానికి కారణం ఇదే.

చెన్నపట్నానికి వాల్వులతో పరిచయం పాతది. సి.వి. కృష్ణస్వామి చెట్టి గారు 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపించారు. జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. డబ్బు చాలక 1927లో ఆగిపోతే, 1930 ఏప్రిల్ 1 నుంచి నగర కార్పొరేషను నడిపింది. 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. ఇంకొక అనుకూలం ఉంది. ఇంగ్లండు కరెంటు, మన కరెంటు దాదాపు ఒకే వోల్టేజి. అమెరికా పెట్టెకైతే వేరే ట్రాన్స్‌ఫార్మరు కావాలి.

ఇక బాగుచేయడం సంగతి. ట్రాన్స్‌ఫార్మర్లను, స్పీకర్లను వీలైనంతవరకు ముట్టుకోకూడదు, పాత గొంతు వాటిలోనే ఉంది. ఎండిపోయిన కండెన్సర్లు మాత్రం మార్చి తీరాలి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా వాటిలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు కాబట్టి తెలియనివాళ్లు మూత తీయరాదు. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తు. 1972లో ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో, స్వాన్సీ పట్టణపు వేదిక మీద లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్తు లేని మైకును తాకి, జనం చూస్తుండగానే షాకు కొట్టి చనిపోయాడు. మన పెళ్లిపందిళ్లలో మైకుసెట్లకు ఎందరు ఎర్తు చూస్తున్నారో మీకే తెలుసు.

మా మిత్రుడు పాత రెండు తీగెల త్రాడు తీసి, మూడు పిన్నుల ప్లగ్గు వేయించాడు. స్విచ్చి వేసి, గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. వాల్వులు వేడెక్కేదాకా ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం.