మూలం, మార్పు, మూట

బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్ర ప్రతులు పోగేసి సరిచూసినప్పుడు ఎదురైన ప్రశ్న ఒకటుంది: ఏది కవి రాసింది, ఏది మధ్యలో ఎవరో చేర్చింది? మరొకరు రాసిన ప్రోగ్రామును మార్చి, లినక్స్‌లో ఎక్కించుకునేలా ప్యాకేజీ కట్టేవాళ్లను ముప్పై ఏళ్లుగా వేధిస్తున్నదీ ఆ ప్రశ్నే.

ఈ కథలో ప్యాకేజీ కంటే ముందు పుట్టింది ప్యాచ్. 1985లో లారీ వాల్ ఆ పనిముట్టు రాశాడు. ఏ వరస తీసేశామో, ఏది చేర్చామో రాసి పంపితే చాలు, అవతలి కంప్యూటర్లో ఉన్న ప్రతికి ఆ మార్పు అతుక్కునేది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టేనాటికి సోర్సు కోడు టార్ మూటల్లో తిరుగుతోంది. మూట విప్పడం, కంపైల్ చేయడం, ‘మేక్ ఇన్‌స్టాల్’ కొట్టడం. ఎక్కడం బాగానే ఎక్కేది. తీసేద్దామంటే ఏ ఫైలు ఎక్కడ కూర్చుందో చెప్పే నాథుడు లేడు. నా పాత కంప్యూటర్లో అలా చేరినవి కొన్ని, అద్దె కట్టని కిరాయిదార్లలా డిస్కు పోయేదాకా కదల్లేదు.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ తన పేరూ స్నేహితురాలు డెబ్రా పేరూ కలిపి డెబియన్ అనే లినక్స్ పంపిణీని ప్రకటించాడు. ఏ ప్యాకేజీ ఏ ఫైళ్లు పెట్టిందో చిట్టా రాసుకునే డీపీకేజీ దాంట్లోదే. 1995లో రెడ్ హ్యాట్ సంస్థ నుంచి మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్‌ల ఆర్‌పీఎం వచ్చింది. నా లెక్కలో అసలు మలుపు ఇక్కడుంది. రచయిత విడుదల చేసిన మూటను ముట్టుకోకూడదన్నది దాని పట్టు. మార్పులన్నీ విడి ప్యాచ్‌లు. వాటిని ఏ వరసలో అతికించాలో, ఎలా కంపైల్ చేయాలో, ఏ ఫైలు ఎక్కడికి పోవాలో స్పెక్ ఫైలు చెబుతుంది. అప్పట్లో డెబియన్ కూడా మూలాన్ని విడిగానే ఉంచేది కానీ, మార్పులన్నిటినీ ఒకే డిఫ్‌లో కుక్కేది. ఏ మార్పు ఎందుకు చేశారో విడదీసి చూడటం కష్టం. క్విల్ట్ పద్ధతి వచ్చి ఒక్కో మార్పును ఒక్కో ప్యాచ్‌గా వరస పెట్టాక ఆ ముడి వీడింది. వెర్షన్ నంబరులోనూ ఇదే మర్యాద: 2.4-3 అంటే గీతకు ముందున్నది రచయితది, తరవాతది మూట కట్టినవాడిది.

మార్చుకోవచ్చని లైసెన్సు చెప్పినా పేరు వాడుకోవచ్చని చెప్పదు. ఫైర్‌ఫాక్స్ పేరు ఉంచాలంటే ప్యాచ్‌లకు తమ ఆమోదం కావాలని మొజిల్లా అడిగితే, 2006లో డెబియన్ దాన్ని ఐస్‌వీజిల్‌గా మార్చేసింది. రాజీ 2016లో గానీ కుదరలేదు. పంతమే అనుకోండి, కానీ మార్చిన సరుకు మీద పాత ముద్ర ఉండకూడదన్న వాదన నాకు సబబుగానే తోస్తుంది.

పేరు మార్చిన ఆ 2006లోనే అసలు దెబ్బ మరోచోట తగిలింది. గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో విలువ నింపని మెమరీని చదువుతున్నారని ఒక తనిఖీ పనిముట్టు సణిగింది. ఆ సణుగుడు ఆపడానికి డెబియన్ ప్యాకేజీలో రెండు వరసలు పక్కన పెట్టారు. దాంతో రహస్య తాళాలకు దన్నుగా ఉండాల్సిన యాదృచ్ఛికతలో మిగిలింది ప్రాసెస్ నంబరొక్కటే, మహా అయితే 32,768 విలువలు. 2008 మేలో లూసియానో బెల్లో కనిపెట్టేదాకా డెబియన్‌లోనూ, దాన్నుంచి పుట్టిన ఉబుంటులోనూ జనం ఊహించడానికి వీలైన తాళాలే తయారుచేసుకున్నారు. ప్యాచ్ బహిరంగంగానే ఉంది. చదివినవాళ్లే లేరు.

2024లో తంతు తిరగబడింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ పనిముట్టు 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి దొరికింది. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు గిట్ భాండారంలో లేదు, విడుదల మూటలో మాత్రమే ఉంది. పైగా డెబ్ (డెబియన్ ప్యాకేజీ) గానీ ఆర్‌పీఎం గానీ కడుతున్నారని పసిగడితేనే పని మొదలుపెట్టేది. ముట్టుకోకూడదని ఇన్నేళ్లూ కాపాడుకొచ్చిన మూలంలోనే ఈసారి ప్రక్షిప్తం. ఒకే సోర్సును రెండు చోట్ల కట్టి, బిట్టుకు బిట్టు సరిపోతుందో లేదో చూసే ప్రయత్నం డెబియన్‌లో 2013 నుంచీ సాగుతోంది. కానీ ఆ ఎక్స్‌జెడ్ మూటనే రెండు చోట్ల కట్టి పోల్చి ఉంటే, రెంటిలోనూ అదే దొంగదారి తేడా లేకుండా సరిపోయేది.