ఏలూరులో ఎక్కడ దిగాలి?

ఏలూరు వస్తున్నాం, రెండు రోజులుంటాం, ఎక్కడ దిగితే బాగుంటుందని చుట్టాలెవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే: దేని మీద వస్తున్నారని. రైలుకైతే ఒక జవాబు, బస్సుకైతే ఒకటి, సొంత కారుకైతే మరొకటి. మా ఊళ్ళో పొరుగూరి మనిషి తలదాచుకునే చోటు మొదటి నుంచీ దారి వెంటే నడిచింది. పడవల కాలంలో కాలువ గట్టు, రైలొచ్చాక స్టేషను పరిసరాలు, జిల్లా కచేరీలు వచ్చాక రామచంద్రరావుపేట (ఆర్.ఆర్.పేట), ఇప్పుడు హైవే పక్క. కొత్త దారి పడ్డప్పుడల్లా బస ఒక పేట వదిలి ఇంకో పేటకు పోయింది. పోయిన ప్రతిసారీ పాత పేటకు ఎంతో కొంత నష్టం జరిగింది. దాని గురించే నా బాధంతా.

మా ఊరు తెలియనివాళ్ళకు ముందు ఒక మాట. ఊరి మధ్యలోంచి కాలువ పోతుంది. ఒక గట్టున వన్‌టౌన్, రెండో గట్టున టూటౌన్. కోటదిబ్బ, తూర్పు వీధి, పడమర వీధి, దక్షిణపు వీధి ఉన్న వన్‌టౌన్ పాత ఊరు. ఆర్.ఆర్.పేట, పవర్‌పేట, అశోక్‌నగర్ ఉన్న టూటౌన్ తర్వాత పెరిగింది. లాడ్జీలన్నీ దాదాపు ఇటే. వన్‌టౌన్‌లో దిగమని ఇవాళ ఎవరూ ఎవరికీ చెప్పరు.

కానీ ఒకప్పుడు ఊరికి ముఖద్వారం కాలువే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట 1855కు లేచింది. రెండు నదుల కాలువలనూ తెచ్చి ఏలూరులో కలిపారు. కృష్ణ నీళ్ళు పడమటి నుంచి, గోదావరి నీళ్ళు తూర్పు నుంచి వచ్చి కలిసే ఊరు మాది. ఆ కలయికతో కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే పోవడానికి దారి ఏర్పడింది. ఈ పక్క గోదావరి కాలువలు, ఆ పక్క కొమ్మమూరు కాలువ, దాన్ని దాటితే బకింగ్‌హామ్ కాలువ. ధాన్యం పడవలూ జనం పడవలూ గాలి ఉంటే తెరచాప ఎత్తేవి, గాలి పడిపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవాళ్ళు. లాకుల దగ్గర నీటిమట్టం సరిపడేదాకా ఆగాల్సిందే. ఆ ఆగే చోటే అటుకులు, అరటిపళ్ళు అమ్మేవాళ్ళు చేరేవాళ్ళు. పొద్దుపోయి రేవులో దిగినవాడు గట్టు దాటి, దీపం కనిపించిన మొదటి వీధిలోకి నడిచేవాడు. ఆ వీధిలో వాడికి అరుగు దొరికేది.

అరుగు గురించి నాకు తెలుసు, మా ఇంటికి రెండుండేవి. వీధి తలుపుకు అటొకటి ఇటొకటి, నాపరాళ్ళు పరిచినవి. గోడవార తల ఎత్తుగా పెట్టుకోవడానికి ఏటవాలుగా గచ్చుతో దిమ్మ కట్టి ఉండేది. ఎన్ని తలలు ఆనాయో, ఆ దిమ్మ మధ్యభాగం నున్నగా మెరిసేది. మూలన మంచినీళ్ళ కుండ, మూత మీద ఇత్తడి చెంబు. నాన్న దస్తావేజు లేఖరి. పొలం అమ్మకాలు, తాకట్లు రిజిస్టరు చేయించుకోవడానికి కొల్లేటి లంకల నుంచి రైతులు వచ్చేవాళ్ళు. తాటిదోనెల్లో గట్టుకు చేరి, అక్కణ్ణుంచి బండి కట్టించుకునో, బస్సెక్కో వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. పని తెమలకపోతే, "ఈ రాత్రికి మీ అరుగు మీదే నడుం వాలుస్తామండీ" అనేవాళ్ళు. "అడగాలా? పడుకోండి" అనేవాడు నాన్న. భోజనానికి వీధి చివర పూటకూళ్ళ ఇంటికి పోయేవాళ్ళు. పడుకునే ముందు అమ్మ మజ్జిగ పంపేది. ఆ మజ్జిగ గ్లాసులు అందించే పని నాది. మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళు కుండలో నీళ్ళు పోసి, బతికున్న కొరమీను తెచ్చి పెరటి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. అరుగుకు అద్దె లేదు, కొరమీనుకు ధర లేదు. రెండు పక్షాలకూ లెక్క మాత్రం బాగా గుర్తుండేది.

పరాయి ఊళ్ళో ఒక్క రోజుకు ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 'క్రీడాభిరామం'లో మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఓరుగల్లంతా ఒక్క రోజులో తిరుగుతారు. రూక ఇస్తే భోజనం పెట్టే పూటకూటి ఇల్లు అందులోనే కనిపిస్తుంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ రాసి పెట్టాడు: సత్రం ఉందా, అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివేనా, డేరాకు చోటుందా. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'ను నేను బసల పుస్తకంగానే చదువుతాను. అందులో ఆయన ఊళ్ళను మెచ్చుకున్నా, విసుక్కున్నా కారణం చాలాసార్లు రాత్రి దొరికిన చోటే. ఇక గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారి ఇంటి ముందు 1909లో ఆమె పోయేదాకా వేళ కాని వేళలో కూడా విస్తళ్ళు పరిచారు. రాజమండ్రిలో దిగిన మనిషికి నాళం వారి సత్రం ఉండేది. మా ఏలూరును ఆనుకున్న సత్రంపాడు పేరులో సత్రం ఇంకా అలాగే ఉంది.

రైలు ఈ లెక్కను మార్చింది. 1890లలో బెజవాడ నుంచి గోదావరి ఒడ్డు దాకా పట్టాలు పడ్డాయి, 1900లో హేవలాక్ వంతెనతో అవతలి ఒడ్డూ కలిసింది. పడవలో రాత్రంతా పట్టే దూరం రైల్లో పూటలో తేలిపోయింది. జనం కాలువ రేవులో దిగడం తగ్గింది. పడవలకు బరువులే మిగిలాయి, లారీలు వచ్చాక అవీ పోయాయి.

అంతకంటే పెద్ద మలుపు 1925. కృష్ణా జిల్లాను విడదీసి పశ్చిమ గోదావరిని ఏర్పరచి ఏలూరును ముఖ్యపట్టణం చేశారు. తణుకు, భీమవరం, నరసాపురం నుంచి దావాలకని, కలెక్టరాఫీసు అర్జీలకని మనుషులు రావడం మొదలైంది. ఇవాళ వాయిదా పడితే రేపు మళ్ళీ రావాలి. అలాంటివాడికి కావలసింది గది, తాళం, కాఫీ హోటలు, పొద్దున్నే నడిచిపోయేంత దగ్గరలో వకీలు. ఆర్.ఆర్.పేటలో లాడ్జీలు నిలబడింది ఆ అవసరం మీదనే. గదికి తాళం పడ్డాక అరుగు అడగడానికి జనం మొహమాటపడ్డారు. వీధిలో డ్రైనేజీ కాలువ వెడల్పు చేసినప్పుడు మా అరుగులు రెండూ కొట్టేశారు.

2022 ఏప్రిల్ 4న మళ్ళీ జిల్లాలు మారాయి. పశ్చిమ గోదావరికి భీమవరం ముఖ్యపట్టణమైంది, ఏలూరు పేరుతో వేరే జిల్లా వచ్చింది. తణుకు, తాడేపల్లిగూడెం వాళ్ళు కలెక్టరేటు పనికి ఇప్పుడు భీమవరం పోతున్నారు. అంతకుముందు బందరు పోయే కైకలూరు వాళ్ళు ఏలూరు వస్తున్నారు. కొల్లేటి రైతు మళ్ళీ మా ఊరి దారి పట్టాడన్నమాట. నాకు సంతోషంగానే ఉంది.

ఏలూరు దాకా ఎందుకు, తాడేపల్లిగూడెంలో ఉంటే సరిపోదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. పని గూడెంలోనే అయితే నిస్సందేహంగా అక్కడే ఉండాలి. స్టేషను, మార్కెట్టు దగ్గర దగ్గరే. ఉల్లి వ్యాపారులు ఎప్పటి నుంచో అటే దిగుతారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే చూడాలన్నా, ఎన్.ఐ.టి.లో పిల్లవాణ్ణి చేర్పించాలన్నా గూడెమే. కొల్లేరు కోసం వచ్చినవాళ్ళకు మాత్రం అది చుట్టుదారి.

కొల్లేటిలో రాత్రి ఉండే ఏర్పాటు పెద్దగా లేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణంలో జనం గుడి చుట్టూ ఆరుబయటే పడుకోవడం వేరే సంగతి. చేపల చెరువులు పెరిగాక కైకలూరు, ఆకివీడుల్లో వ్యాపారుల కోసం గదులు వచ్చాయి. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చాలా చెరువుల గట్లు తెగ్గొట్టారు. అయినా ఆ గదులకు గిరాకీ చేపలదే. ఆటపాకలో గూడబాతులను తెల్లవారే చూడాలనుకుంటే మాత్రం ముందు రాత్రి కైకలూరులో ఉండటమే మేలు.

మిగతా అందరికీ నేను చెప్పేది పవర్‌పేటకూ కాలువ వంతెనకూ మధ్య ఎక్కడైనా గది చూసుకోమని. హైవే పక్క హోటళ్ళలో పార్కింగు సుఖం, గదులూ శుభ్రం, కానీ తెల్లవారి తలుపు తీస్తే మా ఊరు కనిపించదు. వంతెన దగ్గర ఉంటే పొద్దున్నే కాలువ దాటి వన్‌టౌన్ వీధుల్లో నడవొచ్చు. అరుగులు మిగిలిన ఇళ్ళు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి, ఆగి చూస్తే ఇంటివాళ్ళే పలకరిస్తారు. కాలువ పక్క దోమలు జాస్తి, కిటికీలకు జాలీ ఉందో లేదో చూసుకుని గది తీసుకోండి. గంగానమ్మ జాతర జరిగే ఏడు అయితే ముందే చెప్పి పెట్టుకోవాలి. ఆడపడుచులూ అల్లుళ్ళూ దిగి ఇళ్ళు నిండిపోతాయి, ఇళ్ళల్లో పట్టనివాళ్ళంతా లాడ్జీలకే వస్తారు. వానాకాలంలో వస్తే కైకలూరు రోడ్డు సంగతి బస్టాండులో అడిగి బయల్దేరండి. పెదఎడ్లగాడి దగ్గర వరద ఎక్కిందంటే బస్సులు ఆపేస్తారు, గుడివాడ మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సి వస్తుంది.