పల్నాటి రాయి, దుర్గి ఉలి

జూబిలీ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "పల్నాటి యుద్ధం మాత్రం వద్దన్నా, ఇప్పటికే నలుగురు పంపారు" అని ముందే చెప్పాడు. మంచిదే. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి... ఇవన్నీ మన తెలుగు మాస్టార్లు పాఠం పక్కన పెట్టి మరీ చెప్పినవే. నేను రాయి గురించి రాస్తాను. సివిల్ ఇంజనీరుకు అంతకంటే దగ్గరి చుట్టం ఎవరున్నారు?

మన స్కూలు వరండాలో పరిచినది నాపరాయి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. క్యారియర్లోంచి చారో మజ్జిగో ఒలికితే అక్కడ తెల్లటి మచ్చ పడేది, ఎంత తోమినా పోయేది కాదు. కారణం ఏమిటంటే, నాపరాయి సున్నపురాయి జాతిది. పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, దాచేపల్లి కింద పరుచుకుని ఉన్నదంతా ఈ సున్నపురాయే. దీనికి రెండు గుణాలున్నాయి. పొరలు పొరలుగా వస్తుంది కాబట్టి పలకలు తీయడం తేలిక. గ్రానైటు కంటే చాలా మెత్తన కాబట్టి ఉలికి లొంగుతుంది. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ కొలతలో సున్నపురాయిలోని కాల్సైటు మూడు, గ్రానైటులోని క్వార్ట్జ్ ఏడు. ముత్యాల దండలో ఒక్కొక్క ముత్యం విడిగా కనపడేలా, చీర కుచ్చిళ్లు లెక్కపెట్టేలా చెక్కాలంటే మెత్తని రాయే కావాలి. అమరావతి శిల్పాలు అంత సన్నగా ఉండటంలో శిల్పి చేతితోబాటు ఈ రాతికీ వాటా ఉంది. లేత ఆకుపచ్చ ఛాయగల ఆ రాతిని చూసి ఆంగ్లేయులు పాలరాయి అనుకున్నారు. 'పల్నాడు మార్బుల్' అనే పేరు పుస్తకాల్లో అలాగే స్థిరపడింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ శిల్పాలు మద్రాసు మీదుగా ఓడెక్కి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. (2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అమరావతి మండలం కూడా మన పల్నాడు జిల్లాలోకే వచ్చింది. లండన్‌లో ఉన్నది మా జిల్లా సొత్తు అని ఇప్పుడు ధైర్యంగా అనవచ్చు.)

మనకు ఇంకా దగ్గరి కథ నాగార్జునకొండ. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఆ లోయలో శిథిలాలు కనిపెట్టారు. తర్వాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. డ్యాము వస్తుందని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వారు. అది మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు వంటి రాజుల పేర్లు పరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టినవే. అయితే ఆ స్తూపాలకు, విహారాలకు డబ్బు పెట్టినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. మహాచైత్యానికి రాజు మేనత్త చాంతిసిరి, సింహళ భిక్షువుల కోసం కట్టిన చైత్యానికి బోధిసిరి అనే ఉపాసిక.

ఈ బోధిసిరి శాసనం చివర ఉన్న రెండు మాటలు ఎంతమంది చూశారో కానీ నాకు మాత్రం శాసనమంతా ఒక ఎత్తు, ఆ మాటలు ఒక ఎత్తు. దాతల పుణ్యం, పని పర్యవేక్షించిన ముగ్గురు స్థవిరుల పేర్లు అన్నీ అయ్యాక, ఇది 'సేలవఢకి' విధికుడి పని అని ఉంది. సేలవఢకి అంటే రాతిపని మేస్త్రి. రాజుల పేర్లు వందల శాసనాల్లో దొరుకుతాయి. పదిహేడు వందల ఏళ్ల కిందట పల్నాటి గడ్డ మీద ఉలి పట్టిన ఒక మనిషి పేరు దొరకడం అరుదు. సాంచీ దక్షిణ తోరణం మీద కూడా శాతకర్ణి రాజు శిల్పులకు పెద్ద అయిన ఆనందుడి పేరు ఉంది. అక్కడ ఆనందుడు, ఇక్కడ మన విధికుడు. బిల్డింగు శిలాఫలకం మీద మంత్రి పేరు, కలెక్టరు పేరు, చివరికి కాంట్రాక్టరు పేరు కూడా వేస్తాం. మేస్త్రి పేరు వేసిన ఫలకాన్ని నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కటీ చూడలేదు.

తర్వాతి కాలం చకచకా చెప్పేస్తాను. బౌద్ధం తగ్గింది, గుళ్లు పెరిగాయి. దుర్గిలో కాకతీయుల నాటి, 1269 నాటి శాసనం జన్నిగదేవుడి పేరు చెబుతోంది. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి స్తంభాల మీద శిల్పాలు మనం తిరునాళ్లలో చేత్తో తడిమినవే. పోషించేవాళ్లు మారారు గానీ పని ఆగలేదు.

ఆగిపోయేలా కనిపించింది ఆధునిక కాలంలోనే. సున్నపురాయికి ఇంకో గిరాకీ పుట్టింది. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, 1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు ఫ్యాక్టరీ. నేను సిమెంటును తిట్టలేను, నా జీవితమంతా దానితోనే గడిచింది. కానీ పల్నాటి రాయి అంటే చెక్కేది కాకుండా పొడి కొట్టేది, కాల్చేది అయిపోయింది. అదే సమయంలో సాగర్ డ్యాము మొదలైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మన తాతలు మెట్టచేలలో నీళ్లు చూసింది అప్పుడే. అదే నీళ్లలో విజయపురి మునిగింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. శిల్పనగరాన్ని ముంచిన ఆ డ్యాము కూడా చేత్తో చేసిన రాతిపనే. యంత్రాలు కొనడానికి విదేశీ మారకం చాలని రోజులవి. చేతులకు మాత్రం కొరత లేదు. అందుకే కాంక్రీటు డ్యాము కాకుండా రాతి కట్టడం ఎంచుకున్నారు. నాలుగు వందల అడుగులకు పైగా ఎత్తున, ఇరవయ్యారు గేట్లతో నిలిచిన ఆ గోడలో ప్రతి రాయీ ఎవరో ఒకరు కొట్టి, ఎవరో ఒకరు తట్టలోనో కావడిలోనో మోసి, ఎవరో ఒకరు సున్నితంగా కుదిర్చి పెట్టినదే. రాతి కట్టడపు డ్యాముల్లో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. ట్రైనీగా సాగర్‌లో ఉన్న రోజుల్లో గ్యాలరీలోకి దిగినప్పుడు మా పెద్ద ఇంజనీరు ఒకాయన గోడను అరచేత్తో తట్టి, "ఇది డిజైన్ చేసినవాళ్ల పేర్లు మనకు తెలుసు. కట్టినవాళ్ల పేర్లు నదికి తెలుసు" అన్నారు.

మునిగేముందు విజయపురిలోని తొమ్మిది కట్టడాలను విప్పి, కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. ఇప్పుడు అది ద్వీపం. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్తాం కదా, అదే. కొన్నింటిని అనుపులో నిలబెట్టారు. రంగస్థలం మెట్ల మీద కూర్చుని మన స్కూలు పిక్నిక్ ఫొటో దిగని బ్యాచ్ ఉందా? పాత కట్టడాన్ని విప్పి మళ్లీ కట్టడం అంటే రాతి అంచు చూసి దాని జోడీని పట్టగలిగే చేతులు కావాలి. అవి ఉన్నాయి కాబట్టే ఆ పని సాధ్యమైంది.

ఆ చేతులు ఇప్పుడెక్కడున్నాయి అంటే, మాచర్ల పక్కనే దుర్గిలో. దుర్గి శిల్పులు విధికుడి వంశీకులని చెప్పే సాహసం నేను చేయను. కులవృక్షాలు గీయడం ఇంజనీరు పని కాదు. రాయి అదే, పద్ధతి చాలావరకు అదే. అది చాలు.

గత ఏడాది రెండు మూడుసార్లు వెళ్లి వాళ్ల పని చూశాను. మొదట రాతిని సుత్తితో తట్టి వింటారు. కంచులా మోగితే తీసుకుంటారు, బొద్దుగా పలికితే లోపల పగులుందని పక్కన పడేస్తారు. మోగే తీరును బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసక శిల అని శిల్పశాస్త్రం విడదీసింది కూడా. కాంక్రీటులోకి అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి మేం చేసే పరీక్ష సూత్రం ఇదే, కాకపోతే మా మిషను ఖరీదు లక్షల్లో ఉంటుంది. తర్వాత కొలతలు. ముఖం పొడవు ఒక తాళం. దేవతను బట్టి శరీరం ఎన్ని తాళాలో నిర్ణయం. గణపతికి ఐదు, నిలువెత్తు దేవతలకు తొమ్మిది, పది. టేపు అక్కర్లేదు. ముఖం ఎంతో తేలితే విగ్రహమంతా తేలినట్టే. ఉలి మొన అరిగితే కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పెడతారు. ఎక్కువ ముంచితే మొన పెళుసై విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. ఆ రంగు ఎప్పుడు సరిపోయిందో కంటితోనే పోల్చుకోవాలి.

ఇప్పుడు వాళ్ల దగ్గర కరెంటు కటింగ్ మిషన్లు కూడా ఉన్నాయి. చేతిపని అంటున్నాం, మిషను వాడితే చేతిపని ఎలా అవుతుంది అని నాతో వచ్చిన మిత్రుడు పెదవి విరిచాడు. నాకు ఆ అభ్యంతరం లేదు. బండను దిమ్మగా కోసేది మిషను, దిమ్మలోంచి ముఖం తీసేది మనిషి. విధికుడికి మిషను దొరికి ఉంటే వద్దనేవాడా? నన్ను ఇబ్బంది పెట్టింది దుమ్ము. ఉలి దెబ్బకు రాతి పెచ్చులు లేస్తాయి, మిషనుకు పొగలా పొడి లేస్తుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిచేస్తున్నారు. కోసేచోట సన్నగా నీళ్లు పడే ఏర్పాటు, మంచి మాస్కులు ఇస్తే పోయేదానికి పెద్ద పథకాలు అక్కర్లేదు.

పథకాలు లేవని కాదు. 2017లో దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ., వచ్చింది. ఆళ్లగడ్డ శిల్పాలకు, ఏటికొప్పాక బొమ్మలకు, బందరు లడ్డుకు కూడా ఆ ప్రాంతంలోనే వచ్చింది. వేరే ఊరి సరుకును దుర్గి శిల్పమని అమ్మితే చట్టం ఒప్పుకోదు. కానీ ఆ హక్కు వాడుకోవాలంటే శిల్పి తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి, పదేళ్లకోసారి జి.ఐ.ని పునరుద్ధరించుకోవాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో శిల్పులు, రాళ్లు కొట్టేవాళ్లు ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచిదే. ఒక నడివయసు శిల్పితో ఈ మాటే అంటే ఆయన ఉలి దించకుండా, "అప్పు ఇస్తామంటున్నారు సారూ, ఆర్డరు ఎవరిస్తారు?" అన్నాడు. వాళ్లబ్బాయి గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వమే ఉంది, దిగులు లేదు. దిగులు పడాల్సింది మనం.

జపాన్‌లో ఇసే అనే దేవాలయం ఉంది. చెక్క గుడి. ఇరవై ఏళ్లకోసారి పక్కస్థలంలో కొత్తగా కడతారు, పాతది విప్పేస్తారు. చివరిసారి 2013లో జరిగింది. గుడి పాతబడటం ఒక్కటే కారణం కాదు. ఒక తరం వడ్రంగులు ఇంకో తరానికి పని నేర్పడానికి ఇరవై ఏళ్లు సరిపోతాయి. అంత దూరం ఎందుకు, మన కోటప్పకొండ ప్రభల సంగతి చూడండి. శివరాత్రికి ఊరూరా అంతంత ఎత్తు ప్రభలు కడుతున్నారు. వెదురు కట్టే నేర్పు అంతరిస్తోందని ఎవరైనా వ్యాసం రాశారా? రాయరు. ఏటా పని ఉంది కాబట్టి పిల్లలు చూసి నేర్చుకుంటున్నారు. చాంతిసిరి, బోధిసిరి చేసింది కూడా అదే. వాళ్లు శిల్పకళను పొగడలేదు, పని చెప్పి డబ్బిచ్చారు.

ఇక అసలు విషయం. ఉత్సవాల ముగింపు సభనాటికి స్కూలు ఆవరణలో సరస్వతీదేవి విగ్రహం పెట్టాలని మన సంఘం తీర్మానించింది. రిటైరైన ఉపాధ్యాయులందరికీ జ్ఞాపికలు ఇవ్వాలనీ అనుకున్నాం. విగ్రహానికి ఫైబరులో, జ్ఞాపికలకు గాజు, అక్రిలిక్‌లో కొటేషన్లు వచ్చాయి. ధర తక్కువే. ఫైబరు విగ్రహం నాలుగైదు ఎండాకాలాలకు రంగు వెలిసి, మళ్లీ పెయింటింగుకు చందాలు అడుగుతుంది. అక్రిలిక్ జ్ఞాపికలు మన మాస్టార్ల ఇళ్లలో షోకేసు వెనక్కి చేరతాయి. ఆ రెండు ఆర్డర్లూ దుర్గికి ఇవ్వాలన్నది నా ప్రతిపాదన. తేడా సొమ్ములో నా వంతు నేను కార్యదర్శికి పంపేశాను. మా బ్యాచ్‌లో మరి కొందరు సిద్ధంగా ఉన్నారు.

పని విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. రాతి విగ్రహానికి నెలల సమయం పడుతుంది, సభకు పది రోజుల ముందు వెళ్లి తొందరపెడితే కుదరదు. ఈ నెలలోనే అడ్వాన్సు ఇవ్వాలి. రెండోది, ఇది సున్నపురాయి, వరండాలో చారు మచ్చల సంగతి గుర్తుందిగా. నిత్యం పెరుగు, నిమ్మరసంతో అభిషేకాలు చేసే మూలవిరాట్టుకు నల్లరాయి వాడాలి, దీనికి అభిషేకం వద్దు. పైన చిన్న మండపం వేస్తే వాన నీరు నేరుగా పడదు. మండపం డిజైను, ఎస్టిమేటు నేను ఉచితంగా వేసి ఇస్తాను. పీఠం మీద దాతల పేర్ల కింద ఒక వరుస ఖాళీ వదిలాను, అది చెక్కినవాళ్ల పేరుకు.