పాత కంప్యూటర్‌కి ఏ లైనక్స్? తేలికగా ఉంటే చాలదు, తెలుగు కూడా రావాల

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఇంకో ఏడాది పొడిగించుకునే దారి పెట్టారు గానీ అది ఏడాది ముచ్చటే. పోనీ విండోస్ 11కి మారదామా అంటే, 2017కి ముందు వచ్చిన ప్రాసెసర్లను దాదాపు దేన్నీ అది ఒప్పుకోదు. దాంతో ఇళ్ళల్లో, ఎరువుల షాపుల్లో, రొయ్యల గుంటల కాడ షెడ్లలో బాగా నడుస్తున్న కంప్యూటర్లు ఒక్క తేదీతో ముసలివైపోయాయి. మోటారు బాగానే ఉంది, లైను పీకేశారు, అట్టా ఉంది కథ.

"ఏదో లైనక్స్ ఎక్కిస్తే సరిపోద్దంట గదా, అన్నిటికంటే తేలికైంది ఏది?" అని మీలో చాలామందికి ఉంటది. జవాబు చెప్పేముందు కొంచెం వెనక్కి పోవాల.

ఇది మొదటిసారి కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు. దానికి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేశారు. ఇప్పటి విండోస్ 11కి కనీసం 4 జీబీ కావాల. లెక్క వేసుకోండి, 64 రెట్లు. మనం రాసుకునే మేత లెక్కలు, కూలీల లెక్కలు మాత్రం 64 రెట్లు పెరగలేదు.

ఈ బరువు మాకొద్దు అన్నవాళ్ళు అప్పుడే ఉన్నారు. 2003లో ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ అనే ఆయన పప్పీ లైనక్స్ తెచ్చాడు. తన పెంపుడు కుక్క గుర్తుగా పెట్టిన పేరు. అది మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి కూచుంటది, హార్డ్ డిస్క్ చచ్చిపోయినా సీడీ నుంచో పెన్ డ్రైవ్ నుంచో నడుస్తది. డ్యామ్ స్మాల్ లైనక్స్ అని ఇంకోటి, మొత్తం 50 ఎంబీలోనే. విజిటింగ్ కార్డంత సీడీలో పట్టాలని పెట్టుకున్న హద్దు అది.

మరి 50 ఎంబీలో పట్టాలంటే ఏదో ఒకటి దించాల గదా? ఇట్టాంటి చిన్న సిస్టమ్‌లలో భారతీయ భాషల అక్షరాలు లేకుండా వచ్చేవి. తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు! ఎక్స్‌పీ కూడా ఏమంత మేలు కాదులెండి. గౌతమి ఫాంట్ దాంట్లో ఉన్నా, సెట్టింగుల్లో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేస్తేగానీ వత్తులు, గుణింతాలు సరిగా కుదిరేవి కాదు. ఆ సీడీ ఎవరి దగ్గర ఉండేదో మీకు తెలుసు!

ఇక్కడే మనోళ్ళ పని చెప్పుకోవాల. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేసింది. పేరు కూడా స్వేచ్ఛే. తర్వాత ఇంజినీరింగ్ విద్యార్థుల్ని కూడగట్టి ఈ-స్వేచ్ఛ, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ చేశారు. వీటి వెనక ఉన్నది 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ఉద్యమం మాట: సాఫ్ట్‌వేర్‌ని వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కోళ్ళకి ఇవ్వొచ్చు. వెనకట మొలగొలుకుల విత్తనాలు ఇంటికాడ పెట్టుకుని పక్కింటికి కొలిచి ఇచ్చినట్టు. మెనూలు, బటన్ల మీద మాటల్ని తెలుగు చేసినవాళ్ళలో చాలామంది పేర్లు మనకు తెలియవు. ఆ పని వృథా పోలేదు, ఈరోజు డెబియన్ ఎక్కించేటప్పుడు వచ్చే భాషల పట్టీలో తెలుగు కనబడతది.

ఇంకో సంగతి. డ్యామ్ స్మాల్ లైనక్స్‌ని చాలా ఏళ్ళ తర్వాత 2024లో మళ్ళీ బతికించారు. ఈసారి హద్దు 50 కాదు, 700 ఎంబీ. ఇప్పటి బ్రౌజర్ 50లో ఎక్కడ పడతది? అసలు బరువు అక్కడుంది. మీరు ఎంత బక్క సిస్టమ్ ఎక్కించినా, మీభూమిలో అడంగల్ చూడాలన్నా వీడియో చూడాలన్నా అదే బ్రౌజర్ తెరవాల. 512 ఎంబీ ర్యామ్ మిషన్‌లో అది కుంటతా నడుస్తది, ఆశ పెట్టుకోవద్దు.

లైనక్స్‌కి కూడా ముసలితనం మీద జాలి ఉండదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాసింది 386 చిప్ మీద. 2013లో వచ్చిన 3.8 కెర్నల్‌తో ఆ 386నే వదిలేశారు! ఇప్పుడు 32 బిట్ వంతు. ఉబుంటు 2017లోనే 32 బిట్ డెస్క్‌టాప్ సీడీ ఆపింది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా 32 బిట్ మిషన్లకి ఎక్కించే దారి మూసేసింది.

అందుకని ముందు మీ మిషన్ 64 బిట్టా కాదా చూడండి. అవునంటే, 4 జీబీ ఉంటే లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకోండి, విండోస్ అలవాటున్నోళ్ళకి తికమక ఉండదు. 2 జీబీ అయితే లుబుంటు, లేదా ఎల్ఎక్స్‌క్యూటీతో డెబియన్. 32 బిట్ అయితే డెబియన్ 12, దానిమీద కట్టిన యాంటీఎక్స్ 23 ఉన్నాయి, అవి కూడా ఎక్కువ కాలం రావు. పప్పీని నేనైతే చెడిన డిస్క్ నుంచి ఫొటోలు లాగడానికి ఉంచుకుంటా, రోజువారీ పనికి కాదు. చేతిలో కాస్త డబ్బుంటే పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించండి, సిస్టమ్ మార్చినదానికంటే ఆ తేడానే ముందు తెలుస్తది.

ఏదైనా సరే, ఫైళ్ళు వేరేచోట దాచుకుని, ఎక్కించకముందే పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూడండి. తెలుగు పేజీ ఒకటి తెరవండి. "క్ష్మి", "స్త్రీ" సరిగా కనబడుతున్నాయా? ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి మీ పేరు కొట్టండి, మీ ప్రింటర్‌లో ఒక కాగితం తీయండి. డబ్బాలు కనబడితే కంగారొద్దు, నోటో గానీ లోహిత్ గానీ తెలుగు ఫాంట్ ఎక్కిస్తే చాలావరకు సర్దుకుంటది.

డీటీపీ వాళ్ళు మాత్రం తొందరపడొద్దు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ విండోస్ కోసం చేసినవి, పాత పెళ్ళిపత్రికల ఫైళ్ళన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఒక్క మిషన్‌ని అట్టాగే ఉంచి, నెట్ తీసేసి వాడుకోండి.